హృదయ కవాట చికిత్సానంతరము రక్తరక్షణ

(దేవస్థాన మండపమున జరిగిన సాయంకాల సభలోని ప్రసంగ పాఠము)



ఈ మండపమున ప్రతి మాసము పురాణశ్రవణము జరుగుచుండును. ఈ మాసము ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తల మండలివారు నన్ను కోరినారు. నేను వైద్యుడను కాను. వ్యాకరణము, ధర్మశాస్త్రము చదువుకొని సంస్కృత కళాశాలలో పాఠములు చెప్పినవాడను. అయితే నా 69వ ఏట నా గుండెలోని ఒక కవాటమునకు శస్త్రచికిత్స జరిగినది. ఆ దినము మొదలుకొని వైద్యులు చెప్పిన ప్రతి మాటను పాఠమువలె వ్రాసికొని, అర్థము కానిదానిని మరల మరల అడిగి తెలిసికొన్నాను.

మన భక్తులలో ఇటువంటి చికిత్స పొందినవారు పలువురు ఉన్నారు. వారు నన్ను తరచుగా అడుగు ప్రశ్నలు రెండు. "కవాటము బాగుపడినది గదా, ఇంక ఈ మాత్రలెందుకు?" అనునది మొదటిది. "ఉపవాసమున్న దినమున మాత్ర వేసికొన్నచో వ్రతభంగము కాదా?" అనునది రెండవది. ఈ రెండింటికి సమాధానము చెప్పుటయే నేటి ప్రయత్నము. నేను చెప్పదలచినది ఒక్కటే. కవాటమును బాగుచేయువాడు వైద్యుడు. అటుపిమ్మట రక్తమును కాపాడుకొనవలసినవారు రోగియు, అతని ఇంటివారును.

హృదయము, దాని ద్వారములు

బృహదారణ్యకోపనిషత్తు 'హృదయ' శబ్దమును మూడక్షరములుగా విడదీసి ఉపాసన చెప్పినది. భాష్యకారులు ఆ అక్షరములకు తెచ్చుట, ఇచ్చుట, పోవుట అను అర్థములు గల మూడు ధాతువులను చూపినారు. ఉపనిషత్తు చెప్పునది బ్రహ్మవిద్య. దాని సందర్భము వేరు. అయినను మన రొమ్ములో కొట్టుకొను ఈ మాంసమయమైన గుండె చేయు పనియు ఆ మూడే. రక్తమును గైకొనును, ఇచ్చును, నిలువక సాగిపోవును. దినమునకు ఇంచుమించు ఒక లక్ష పర్యాయములు ఈ పని జరుగుచుండును.

ఈ పనికి నాలుగు ద్వారములు, నాలుగు కవాటములు కలవు. కవాటమనగా తలుపే. అది ఒక వైపునకే తెరచుకొని, రక్తము వెనుకకు మరలకుండ మూసికొనవలెను. ఎడమవైపు పై గదికి, క్రింది గదికి నడుమ నున్న రెండు రేకుల తలుపును మైట్రల్ కవాటమందురు. చెడిపోవుట ఎక్కువగా దీనికే. చిన్నతనమున గొంతునొప్పి వచ్చి, దానివెంట వచ్చిన రుమాటిక్ జ్వరము కీళ్ళను విడిచి గుండెను పట్టుట మన దేశమున ముఖ్యకారణము. వయసు మీరినవారిలో రేకులు సాగుట, వానిని పట్టియుంచు సన్నని త్రాళ్ళు తెగుట మరియొక కారణము. నాకు జరిగినది ఈ రెండవది.

చికిత్స రెండు విధములు. చెడిన తలుపును తీసివేసి క్రొత్తది పెట్టుట ఒకటి. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరు కలిసి రూపొందించిన కృత్రిమ కవాటముతో ఇది సాధ్యమైనది. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు స్వదేశమున తయారుచేసిన కవాటమును 1990 డిసెంబరులో మొదటిసారి మనుష్యునకు అమర్చినారు. రెండవ విధానము, ఉన్న తలుపునే మరమ్మతు చేయుట. ఫ్రాన్సు దేశపు వైద్యుడు అలెన్ కార్పెంటియర్ దీనికి మార్గదర్శకుడు. రేకులను సవరించి, సాగిన ద్వారబంధమునకు ఒక ఉంగరమును కుట్టి బిగించుదురు. ఆ ఉంగరమునే వైద్యులు రింగు అందురు. తన తలుపు తనకే మిగులును గనుక, వీలున్నచోట ఈ పద్ధతియే మేలని చెప్పుదురు.

రక్తమునకు పరాయి స్పర్శ

ఇక్కడినుండియే మన విషయము. రక్తనాళముల లోపలి పొర ఒక్కటే రక్తమునకు పరిచితము. ఆ పొరను తప్ప మరి దేనిని తాకినను రక్తము గడ్డకట్టుటకు పూనుకొనును. గాయమైనప్పుడు మన ప్రాణమును నిలుపునది ఈ స్వభావమే. కాని గుండె లోపల గుడ్డ, లోహము, దారపు కుట్లు ఉన్నప్పుడు ఈ స్వభావమే ప్రమాదమునకు కారణమగును.

శస్త్రచికిత్స జరుగు గంటలలో రక్తమును శరీరము వెలుపలనున్న యంత్రము గుండ నడిపింతురు. అందు గడ్డలు కట్టకుండ హెపారిన్ అను మందు ఇచ్చి, పని ముగిసిన పిమ్మట దానికి విరుగుడు ఇత్తురు. ఇంత జరిగిన రక్తము వెంటనే కుదుటపడదు. మొదటి ఒకటి రెండు దినములు రొమ్మునుండి గొట్టముల ద్వారా రక్తము స్రవించుట, రక్తములోని ప్లేట్‌లెట్ కణములు తగ్గుట సామాన్యము. స్రావము ఆగనిచో కొందరిని మరల శస్త్రచికిత్సాగారమునకు కొనిపోవుటయు కలదు. అరుదుగా కొందరికి హెపారిన్ ఇచ్చిన 5 నుండి 10 దినములలో ప్లేట్‌లెట్లు మిక్కిలిగా పడిపోయి, రక్తస్రావమునకు బదులు గడ్డలే ఏర్పడును. అందువలననే అక్కడ అన్నిసార్లు రక్తము తీసి పరీక్షింతురు. "ఉన్న రక్తమంతయు పరీక్షలకే పోవుచున్నది" అని బంధువులు విసుగుకొనరాదు.

ఒక ఆచారపరాయణుడు నన్ను ప్రత్యేకముగా అడిగినాడు: "హెపారిన్ పంది ప్రేగులనుండి తీయుదురట, నిజమా?" నిజమే. కాని ప్రాణము నిలుపుకొనుటకు అన్యమార్గము లేనప్పుడు ఆపద్ధర్మమును మన శాస్త్రములే చెప్పినవి. ఆ విషయమున మనస్సును క్లేశపెట్టుకొనవలదు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి

ఇంటికి వచ్చిన తరువాతి సంగతి. కుట్టిన ఉంగరముపై మన శరీరపు పొర క్రమముగా అల్లుకొనును. దానికి కొన్ని నెలలు పట్టును. అంతవరకు అది రక్తమునకు పరాయిదే. పైగా ఈ చికిత్స అయినవారిలో పలువురికి గుండె లయ తప్పి, పై గది సరిగా ముడుచుకొనక వణకుచుండును. నిలిచిన నీటిలో నాచు పట్టినట్లు, అక్కడ నిలిచిన రక్తము గడ్డకట్టును. ఆ గడ్డలోని ముక్క ఊడి మెదడునకు చేరినచో పక్షవాతము వచ్చును.

కనుక మరమ్మతు అయినవారికి తరచుగా సుమారు 3 నెలలు రక్తము గడ్డకట్టకుండ మాత్ర ఇత్తురు. కొందరికి ఆస్పిరిన్ మాత్రమే చాలును. గుండె లయ తప్పినవారికి ఇంకను ఎక్కువకాలము అవసరము. లోహపు కవాటము అమర్చినవారికి మాత్రము ఇది జీవితాంతము ఉండవలసిన నియమము. ఎవరికి ఎంతకాలమో నిర్ణయించువాడు వైద్యుడే. "పొరుగువానికి మూడు నెలలకే ఆపినారట" అను మాట ప్రమాణము కాదు.

ఈ మాత్ర పేరు వార్ఫరిన్. మనవైపు అసెనోకౌమరాల్ అను దాని సజాతీయమును ఎక్కువగా వ్రాయుదురు. దీని కథ వినదగినది. 1920 ప్రాంతములలో కెనడాలోను, ఉత్తర అమెరికా రాష్ట్రములలోను పశువులు చిన్న గాయమునకే రక్తము ఆగక చనిపోవుచుండెను. బూజుపట్టిన ఒక విధమైన తీపి గడ్డిని మేయుటయే కారణమని తేలినది. 1933 శీతకాలమున విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు చనిపోయిన పెయ్యను, గడ్డకట్టని రక్తము నింపిన పాత్రను బండిపై వేసికొని, మంచుతుపానులో విశ్వవిద్యాలయమునకు వచ్చినాడు. అక్కడి రసాయనశాస్త్రవేత్త కార్ల్ లింక్, ఆయన శిష్యులు ఏండ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థమును వేరుచేసినారు. దానినుండి పుట్టినదే వార్ఫరిన్. 1948లో అది ఎలుకల మందుగా వచ్చినది. 1954 నుండి మనుష్యులకు ఔషధమైనది. మరుసటి ఏట అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఇదియే ఇచ్చినారు. "అది ఎలుకల మందు, మానివేయుము" అని రోగిని భయపెట్టువారు ఉన్నారు. విషమును ఔషధమును వేరుచేయునది మోతాదు. మన రసవైద్యమున పాదరసమును శుద్ధిచేసి వాడలేదా?

ఈ మాత్ర రక్తమును పలుచన చేయునని వాడుకలో అందురు. వాస్తవమునకు రక్తము పలుచన కాదు. గడ్డకట్టుటకు పట్టు కాలము పెరుగును. కాలేయము విటమిన్ కె సాయముతో గడ్డకట్టించు ద్రవ్యములను తయారుచేయును. ఈ మాత్ర ఆ విటమిన్ పనిని అడ్డగించును. అది ఎంతవరకు అడ్డగించినదో తెలుపు కొలమానమే ఐ.ఎన్.ఆర్. మామూలు మనుష్యునకు అది 1 ప్రాంతమున ఉండును. మరమ్మతు అయినవారికి సాధారణముగా 2కు 3కు నడుమ ఉంచుదురు. లోహపు మైట్రల్ కవాటము ఉన్నవారికి మరికొంత పైన, 3 ప్రాంతమున. తగ్గినచో గడ్డకట్టు భయము. మిక్కిలి పెరిగినచో రక్తస్రావ భయము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నడుమ నున్న బాట సన్నదే గాని నడువశక్యము కానిది కాదు. చెప్పిన తేదీన రక్తపరీక్ష చేయించుకొనుటయే ఆ బాటపై దీపము.

క్రొత్త మందులు వచ్చినవని, వానికి పరీక్షలు అక్కరలేదని విందుము. లోహపు కవాటము గలవారిపై అట్టి మందు నొకదానిని పరీక్షింపగా హాని ఎక్కువగుటచే 2013 నాటికే ఆ ప్రయోగమును నిలిపివేసినారు. కనుక అంగడిలో అడిగి మందు మార్చుకొనరాదు.

ఆహారము, వ్రతము

విటమిన్ కె ఆకుకూరలలో అధికము. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు అన్నియు అట్టివే. అందుచేత కొందరు ఆకుకూరలను పూర్తిగా మానివేయుదురు. అది అక్కరలేదు. కావలసినది మానుట కాదు, సమత్వము. వారమునకు రెండు పర్యాయములు తినువారు ఎల్లప్పుడు అట్లే తినవలెను. ఆషాఢమున మునగాకు తినవలెనని మన ఇండ్లలో ఆచారము. నెల పొడవునా లేనిది ఒక వారమంతయు మునగాకే వండినచో మాత్ర పని తగ్గి ఐ.ఎన్.ఆర్. పడిపోవును. దీనికి విపర్యయముగా కార్తికమున నెల నాళ్ళు ఏకభుక్తములు, ఉపవాసములు చేసినచో ఆహారము తగ్గి ఐ.ఎన్.ఆర్. పెరిగిపోవును. అట్టి దీక్ష పూనదలచినవారు ముందుగా వైద్యునికి తెలిపి, నడుమ ఒక పరీక్ష చేయించుకొనవలెను.

ఇక రెండవ ప్రశ్న. ధర్మశాస్త్రము చదువుకొన్నవాడనుగా దీనికి స్పష్టముగా సమాధానము చెప్పగలను. వ్రతమును భంగపరచనివి ఎనిమిది యని పెద్దలు లెక్కించినారు. నీరు, పండ్లు, పాలు మొదలగువానితో పాటు గురువాక్యమును, ఔషధమును ఆ ఎనిమిదింటిలో చేర్చినారు. ఏకాదశినాడు గ్రుక్కెడు నీటితో మాత్ర వేసికొన్నవానికి వ్రతభంగము లేదు. మానినవానికి అధిక పుణ్యమును లేదు. ఇది నా సొంత అభిప్రాయము కాదు, శాస్త్రమర్యాద.

ఇంత గట్టిగా చెప్పుటకు కారణమున్నది. మా వీధిలో ఒక ఇల్లాలికి లోహపు కవాటము అమర్చినారు. ఆరేండ్లు చక్కగా ఉన్నది. ఒక సంవత్సరము మండల దీక్ష పట్టి, దీక్షలో మందు ముట్టరాదని ఎవరో చెప్పగా మాత్ర మానినది. మూడవ వారమున వంటయింటిలో గరిటె చేజారినది. పిలిచిన పిలుపునకు మాట రాలేదు. ప్రాణము దక్కినది. కాని ఆమె కుడిచేయి నేటికిని లేవదు. విష్ణుసహస్రనామము కంఠస్థముగా చదివిన ఆ నోట నేడు నామములు తడబడుచున్నవి. ఆమె భక్తికి లోపము లేదు. ఆమెకు ఆ మాట చెప్పినవారికి శాస్త్రము తెలియదు. దీక్షాధారులకు ఉపదేశము చేయు పెద్దలందరు ఈ సంగతిని మనస్సున ఉంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

రక్తస్రావమును గుర్తించుట

మలము తారువలె నల్లగా వచ్చుట, మూత్రమున ఎరుపు, ఆగని ముక్కు రక్తము, కారణము లేక చర్మముపై కమిలిన మచ్చలు, తలకు దెబ్బ తగిలిన పిదప తలనొప్పి, వాంతి — వీనిలో ఏది కనిపించినను ఆసుపత్రికి పోవలెను. మోకాళ్ళ నొప్పులకని అంగడిలో కొనితెచ్చుకొను నొప్పి మాత్రలు ఈ మందుతో కలిసినచో కడుపులో రక్తస్రావము కలిగించును. కొన్ని యాంటీబయాటిక్ మందులును ఐ.ఎన్.ఆర్.ను పెంచును. మూలికా కషాయములు, చూర్ణములు వాడువారు వాని పేర్లనుకూడ గుండె వైద్యునికి చెప్పవలెను. ఒక పూట మాత్ర మరచినచో మరునాడు రెండు వేసికొనరాదు.

తలనీలాల మొక్కు ఉన్నవారు ఐ.ఎన్.ఆర్. హద్దులో ఉన్నప్పుడే చెల్లించి, కత్తి పెట్టు సోదరునకు ముందుగా చెప్పవలెను. మొక్కు ఒక నెల ఆలస్యమైనచో స్వామి ఆగ్రహింపడు. గర్భము ధరింపగోరు స్త్రీలు ముందుగానే వైద్యుని కలియవలెను. వార్ఫరిన్ గర్భస్థ శిశువునకు హాని చేయవచ్చును, అట్లని తమంతట తాము మానినచో తల్లికే ప్రమాదము.

కామెర్లు కాని కామెర్లు

చివరగా, పలువురు వినని ఒక చిక్కును చెప్పెదను. నా శిష్యుడొకడు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు. కవాట మరమ్మతు అయి రెండు నెలలు గడచినవి. కన్నులు పచ్చబడినవి, మూత్రము టీ డికాషన్ రంగున వచ్చినది, నాలుగు మెట్లెక్కిన ఆయాసము. ఇంటివారు కామెర్లని నిశ్చయించి పసరు పోయించుటకు పొరుగూరికి తీసికొనిపోయినారు. ఉప్పులేని పత్యము పెట్టినారు. పది దినములలో అతడు మంచమునుండి లేవలేని స్థితికి వచ్చినాడు. పల్లెలోని ఆరోగ్య కార్యకర్త ఒకామె రొమ్ముపైనున్న కుట్ల మచ్చను చూచి, "ఇది కాలేయపు జబ్బు కాకపోవచ్చును, గుండె ఆసుపత్రికే పొండు" అని పట్టుపట్టినది. హిమోగ్లోబిన్ 6కు పడిపోయియున్నది.

జరిగినదేమనగా, సవరించిన తలుపులో ఒక సన్నని సందు మిగిలినది. దానిగుండ రక్తము చిమ్మనగ్రోవినుండి వెలువడినట్లు వేగముగా వచ్చి ఉంగరమును తాకుచున్నది. ఆ తాకిడికి ఎర్రకణములు పగిలిపోవుచున్నవి. మామూలుగా సుమారు 120 దినములు బ్రతుకవలసిన కణములు ముందే చితికినచో రక్తహీనత కలుగును. వానినుండి వెలువడిన ద్రవ్యములచే కన్ను పచ్చబడును, మూత్రము నల్లబడును. వైద్యులు దీనిని హిమోలిసిస్ అందురు. ఇది అరుదు. సందు పెద్దదైనంతనే ఎక్కువగా జరుగునని లేదు. చిన్న సందైనను ధార వేగముగా ఉంగరమునకు తగిలినచో చాలును. ఎకో పరీక్షయు, ఎల్.డి.హెచ్. అను రక్తపరీక్షయు దీనిని బయటపెట్టును. తేలికయైనచో ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలతో కాపాడుకొనవచ్చును. తీవ్రమైనచో మరల శస్త్రచికిత్స తప్పదు. నా శిష్యునకు రక్తమెక్కించి రెండవసారి సవరించినారు. నేడతడు మరల బడిలో పాఠములు చెప్పుచున్నాడు. ఆ కార్యకర్త మచ్చను చూడకున్నచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు.

అదే విధముగా, చికిత్స అయినవారికి కారణము తెలియని జ్వరము నాలుగు దినములు నిలిచినచో, అది రక్తమున చేరిన సూక్ష్మక్రిములు ఉంగరమును పట్టుటవలన కావచ్చును. రక్తపరీక్షకు ముందే యాంటీబయాటిక్ మ్రింగినచో క్రిమి దొరకక రోగనిర్ణయము కష్టమగును. పన్ను తీయించుకొనబోవువారు తమ గుండెలో ఉంగరము ఉన్నదని దంతవైద్యునికి ముందే చెప్పవలెను. అందుకు ముందుగా ఒక మోతాదు మందు ఇత్తురు. ఆ పన్ను కొరకు రక్తపు మాత్రను తామే ఆపరాదు.

భక్తులారా, నిత్యకర్మకు ఫలము చెప్పలేదు, మానినచో దోషము చెప్పినారు. ఈ మాత్రయు అట్టిదే. వేసికొన్న దినమున ఏ మార్పును కనబడదు. అందుచేతనే మనకు నిర్లక్ష్యము. సాయంసంధ్యాదీపము పెట్టు వేళకే మాత్రను నియమించుకొనుడు. ఐ.ఎన్.ఆర్. అంకెలు వ్రాసిన పుస్తకమును పంచాంగము ప్రక్కన ఉంచుడు. కవాట చికిత్స అయినదని, ఈ మందు వాడుచున్నారని తెలుపు చీటి యాత్రలో సంచియందు ఉండవలెను. మూతి వంకరపోవుట, చేయి జారుట, మాట తడబడుట — ఈ మూడింటిలో ఏది కనిపించినను క్షణమైనను ఆలసింపక 108కి ఫోను చేయుడు. ఈ సంగతులను రోగి ఒక్కడే గాక ఇంటిలో మరి ఇద్దరు తెలిసికొనియుండవలెను.

దేహము దేవాలయమని మనము వినుచున్నాము. ఆలయ ద్వారమును శిల్పి బాగుచేసి పోవును. నిత్యము దీపము వెలిగించువారు మనమే. పరమేశ్వరుడు మీకందరికి ఆయురారోగ్యములను, నియమపాలనమునకు కావలసిన దృఢచిత్తమును అనుగ్రహించుగాక.

స్వస్తి.